కెన్యాకు చంద్రబండ వాన

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. పోయిన వారం నేను కెన్యాలో వాన కురిపించాను! నిజం. రాయచూర్‌లో, మా ఆఫీసు కుర్చీలోంచి లేవకుండానే. ఆ వాన పుణ్యమా అని ఇప్పుడు నాకు మా రైతులుండే చంద్రబండ ఊళ్లో మొహం చెల్లడం లేదు.

సంగతి ఇదీ. మాది మెట్ట పంటల మీద రీసెర్చ్. ఇక్కడ నేను, కెన్యాలో ఎస్తేర్ అని నాలాంటిదే ఇంకొకామె. ఇద్దరికీ కలిపి ఆన్‌లైన్‌లో ఒకటే షీట్. ఒక్కో రైతుకి ఒక్కో వరుస, రోజుకో గడి. పొలంలో వాన కొలిచే డబ్బా చూసి, ఎంత పడిందో ఆ గడిలో వేయాలి. డబ్బా చూడని రోజు ఖాళీగా వదలాలి.

చంద్రబండలో ఈ పనంతా నడిచేది అక్కడి పెద్ద రైతు హన్మంతు కాక మీదే. కాక చెప్పబట్టే మిగతా రైతులు ఫోన్లు తీశారు. "మా బిడ్డ అడుగుతుంది, రాయుండ్రి" అనేవాడు. నేనేమో ఆ గొప్పంతా నాదే అన్నట్టు ఎస్తేర్ దగ్గర చెప్పుకునేదాన్ని. ఆ ఊపులోనే షీట్ లింక్ తీసుకెళ్లి రైతుల వాట్సాప్ గ్రూపులో పడేశాను. ఎవరైనా, ఎక్కడైనా రాయొచ్చన్న పర్మిషన్‌తో సహా! ఎస్తేర్ వరుసలకి తాళం వేయొచ్చు. వేద్దాంలే అనుకున్నాను, మర్చిపోయాను.

సోమవారం వీడియో మీటింగ్. పెద్ద సార్లంతా ఉన్నారు. ఎస్తేర్ తన గ్రాఫ్ పెట్టింది. పెట్టి, దాన్ని తనే వింతగా చూస్తోంది.

"మా దగ్గర చుక్క వాన లేదు. ఇక్కడేమో బాగా పడినట్టుందే?" అంది ఇంగ్లీషులో.

షీట్ తెరిచాను. ఆమె రైతుల ఖాళీ గళ్లన్నీ నిండుగా ఉన్నాయి. అచ్చంగా చంద్రబండ అంకెలే! వెంటనే కాకకి ఫోన్ కొట్టాను.

"కాకా, కింది వరుసలల్ల ఎవరు రాసిండ్రు?"

"నేనే బిడ్డా! పాపం, ఆళ్లయి శానా ఖాళీగుండె. పేర్లు మనోళ్ల లెక్క లేవు, బయటికెల్లి వచ్చి మాన్వి దిక్కు క్యాంపులల్ల ఉండేటోళ్లు అనుకున్న. మన జిల్లానే గదా, మనకు పడ్డదే ఆళ్లకేసిన."

మా రైతుల మీటింగుల్లో, రానివాళ్లకి పక్కవాళ్లు హాజరు పలకడం మామూలే. కాకకి ఇదీ అంతే. అది నాకు తెలుసు. తెలిసి కూడా, సార్లు చూస్తున్నారన్న కంగారులో నోరు పారేసుకున్నాను.

"నిన్నెవరు నింపమన్నరు? తెల్వకపోతె ఊకుండొచ్చు గదా! నా పనంత ఖరాబ్ చేసినవ్!"

"తప్పైంది మేడం" అని పెట్టేశాడు. బిడ్డ పోయి మేడం వచ్చింది.

తల తిప్పి చూస్తే స్క్రీన్ మీద అందరూ నన్నే చూస్తున్నారు. మైక్ ఆపలేదు! తెలుగు రాకపోయినా అరుపు అర్థమైనట్టుంది.

"ఎవరిని తిట్టావు?" అంది ఎస్తేర్. చెప్పాను. పడీ పడీ నవ్వింది. షీట్ పాత కాపీ తెరిచి, తన వరుసలు అక్కడికక్కడే ఎప్పటిలా చేసేసింది. ఇంత సులువని తెలిస్తే అరిచేదాన్నే కాదు! "మాకు వాన ఇచ్చిన ఆ పెద్దాయనకి నా థ్యాంక్స్ చెప్పు" అంది చివర్లో.

చెప్దామని గ్రూపు తెరిస్తే, కాక అందులోంచి వెళ్లిపోయాడు.

మర్నాడే చంద్రబండ బస్సెక్కాను. ఎప్పుడూ నన్ను పొలం గట్టు మీదే కూర్చోబెట్టే మనిషి, లోపల్నుంచి కుర్చీ తెప్పించి వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కన్నా రెండు తిట్లు తినడం నయం. ఎస్తేర్ మాట చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"మన వాన అంత దూరం పోయిందా! మంచిదే పో" అని నవ్వాడు.

"మల్ల గ్రూపుల చేరు కాకా."

"ఒద్దులే మేడం. మల్ల ఏడన్న తప్పు పడ్తది."

ఆయన మానేస్తే మిగతావాళ్లూ మానేశారు. అడిగితే "కాకనే రాస్తలేడు గదా" అంటున్నారు.

నిన్న మళ్లీ మీటింగ్. ఎస్తేర్ వాళ్ల ఊళ్లో ఈసారి నిజంగానే వాన పడింది, ఆమె గళ్లు కళకళలాడుతున్నాయి. నా వరుసల్లో ఈ వారం ఒక్క గడి నిండి ఉంటే ఒట్టు. ఎస్తేర్ వాటిని చూసి జాలిపడింది.

"నీవి చాలా ఖాళీగా ఉన్నాయే. మా వాన వేయమంటావా?"

ఆమె సరదాకే అంది. నేనే, ఒక్క క్షణం, వేసెయ్యమందామనుకున్నాను.