నాలుగో గడి

పొద్దున్నే వృక్షశాస్త్రం గది తాళం అన్నయ్య తీసేవాడు. ఆమె వచ్చేసరికి కిటికీలు తెరిచి, వరండాలో కుండీలకు నీళ్ళు పోసి, ఫ్లాస్కు మూతలో టీ వంపి ఉంచేవాడు. "తాగవే, చల్లారితే మళ్ళీ నన్నే అంటావు" అనేవాడు. ఇప్పుడు తాళం ఆమే తీస్తోంది. ఫ్లాస్కు ఇంట్లోనే ఉండిపోయింది. కుండీలకు నీళ్ళయితే పోస్తోంది గానీ, దేనికెంతో తెలీక సగం మొక్కల్ని ముంచేస్తోంది.

కాలేజీలో ఆ శాఖకు టైపిస్టు ఆమె. అందరికీ టైపమ్మ. అన్నయ్య అక్కడే ల్యాబ్ అటెండరు. ఆకులు ఎండబెట్టడం, గాజుసామాను తుడవడం, శాఖకు పెద్దయిన సారు నెత్తిమీదే పెట్టుకుని మర్చిపోయిన కళ్ళజోడు వెతికివ్వడం ఆయన పనులు.

ఆ ఏడు అన్ని శాఖలకూ కలిపి ఒకటే వెబ్‌సైట్ టెంప్లేట్ ఇచ్చారు. అద్దె ఇల్లు లాంటిదన్నమాట. సామాను మన ఇష్టం వచ్చినట్టు సర్దుకోవచ్చు, గోడలు మాత్రం కదపకూడదు. సిబ్బంది పేజీలో నాలుగు గడులున్నాయి. పాఠాలు చెప్పేవాళ్ళేమో ముగ్గురే. నాలుగో గడిలో కళ్ళూ ముక్కూ లేని బూడిదరంగు మనిషి, కింద "త్వరలో వస్తారు" అని రాత. ఎంత గింజుకున్నా ఆ మనిషి పోడు.

"వీణ్ణి ఏం చెయ్యమంటారు సార్?" అని పెద్దసారుని అడిగింది.

"ఎవరో ఒకర్ని కూర్చోబెట్టమ్మా. ఖాళీగా కనపడితే పరువు పోతుంది."

అన్నయ్యను కూర్చోబెట్టింది. ఆయన క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఫోటోకి వచ్చాడు.

"చెవులు ఇంత పెద్దగా పడ్డాయేంటే?"

"ఉన్నవేగా పడతాయి!"

నెల తిరక్కుండానే గుండె ఆగి పోయాడు.

వదిన రోజూ వంటయ్యాక ఫోన్‌లో ఆ పేజీ తెరుచుకుని కూర్చుంటుంది. "ఇంట్లో ఏ ఫోటో చూసినా మీ అన్నయ్య అందరి వెనకా సగమే కనపడతాడు అమ్మాయ్. ఇందులో ఒక్కడే, నిండుగా ఉన్నాడు" అంది ఒకరోజు.

ప్రిన్సిపాల్ అందరి పేజీలూ చూసే రోజు దగ్గరపడింది. పెద్దసారుకి హఠాత్తుగా గుర్తొచ్చింది.

"పోయినవాళ్ళ ఫోటో బాగోదమ్మా, తీసెయ్."

"తీస్తే మళ్ళీ ఆ బూడిద మనిషే వస్తాడు సార్. త్వరలో వస్తారని..."

"రానీ, ఏం పోయింది?"

వదిన ఫోన్ తెరిచేసరికి మొగుడి చోట "త్వరలో వస్తారు" అని కనపడితే ఆవిడ ఏమైపోతుంది? "రేపు తీస్తాను సార్" అని ఆపూటకి గండం గట్టెక్కింది.

పేజీలో రాత ఇంకా మిగిలే ఉంది. చరిత్ర శాఖవాళ్ళు తమది ముందే నింపేసుకున్నారు. "అదే తెచ్చుకుని, చరిత్ర అని ఉన్నచోటల్లా వృక్షశాస్త్రం అని మార్చెయ్" అన్నాడు పెద్దసారు. కంప్యూటర్‌లో అదెంత, ఒక్క నొక్కు. నొక్కింది. మనసంతా నాలుగో గడిలోనే ఉంది, తిరిగి చదవలేదు. పెద్దసారు తన ఫోటో వరకూ చూసుకుని బ్రహ్మాండం అన్నాడు.

మీటింగులో ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని చదివాడు. "ఘన వృక్షశాస్త్రం గల శాఖ మాది. మా విద్యార్థులు వృక్షశాస్త్రంలో నిలిచిపోతారు. నేర వృక్షశాస్త్రం లేనివారికే ప్రవేశం."

వెనక బల్లమీద టైపమ్మ ముందువాళ్ళ వీపు చాటుకి ఒదిగింది.

"నేర వృక్షశాస్త్రం! అంటే గంజాయి మొక్కల సంగతేగా? ఎంత సామాజిక స్పృహండీ!" అన్నాడు ప్రిన్సిపాల్. చప్పట్లు మోగాయి. చరిత్ర సారు ఒక్కడే, ఈ మాటలెక్కడో విన్నానే అన్నట్టు తల గోక్కున్నాడు.

పెద్దసారు గాలిలో తేలుతూ గదికొచ్చాడు.

"టైపమ్మా, ఆ పేజీలో ఇంక దేన్నీ ముట్టుకోకు. మెచ్చింది మెచ్చినట్టే ఉండాలి."

"దేన్నీనా సార్?"

"చుక్క కూడా కదలకూడదు!"

"అలాగే సార్." అంత వినయంగా ఆమె ఎన్నడూ అనలేదు.

మర్నాడు ఆయన తలుపు దగ్గర ఆగాడు. "అవునూ, మీ అన్నయ్య ఫోటో..."

"చుక్క కూడా కదలకూడదన్నారు కదా సార్."

ఆయన కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అది నెత్తిమీదే ఉంది. ఆమె చెప్పలేదు.

తెర మీద పేజీ తెరిచే ఉంది. నేర వృక్షశాస్త్రం కిందే అన్నయ్య, పెద్ద చెవులతో, నిండుగా. తీసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. ఆమె మౌస్ పక్కకు నెట్టి, కుండీలకు నీళ్ళు పొయ్యడానికి లేచింది.