చిలకపచ్చ అభిషేకం

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, గర్వం ఒక్కటే బాగా ముదిరింది. నూజివీడులో భూగర్భజలాల ఆఫీసులో చేరిన మొదటి వేసవి అది. భూమిలోపల నీళ్ళు ఎటు నడుస్తాయో నాకు తెలిసినంతగా ఆ నీళ్ళకి కూడా తెలియదని నా నమ్మకం. (మరి పుస్తకంలో బాణం గుర్తులు వేసి చూపించారాయె!)

నేను అద్దెకున్నది ఒక రిటైరైన మాస్టారింట్లో. ఆయన రోజూ తడిబట్టతో పెరటినూతిలో నీళ్ళు తోడి, స్ఫటికలింగానికి అభిషేకం చేస్తేగాని కాఫీ ముట్టరు. పక్కిల్లు మామిడికాయల వ్యాపారిది; ఊళ్ళో అందరూ రసాల శెట్టిగారనేవారు. ఆయన కొత్తగా మరుగుదొడ్డి కట్టించి, దాని గొయ్యి సరిగ్గా తన నూతి పక్కనే తవ్వించారు. "కింద రాయంతా పగుళ్ళేనండీ, గొయ్యిలోది మీ నూతిలోకి దిగుతుంది" అన్నాను. "మా తాత తవ్వించిన నుయ్యమ్మా, నీ పగుళ్ళకి బెదరదు" అని నవ్వారు. నాకు రోషమొచ్చింది. నీటిదారి కనిపెట్టడానికి ఆఫీసులో ఒక రంగుపొడి ఉండేది. హాని చెయ్యదు, చిటికెడు కలిస్తే నీళ్ళు ఎండలో చిలకపచ్చగా మెరుస్తాయి. ఆయన్ని ఒప్పించి, ఆయన కళ్ళముందే గోతిలో పోశాను.

రోజులు గడిచినా శెట్టిగారి నుయ్యి అద్దంలాగే ఉంది. ఆయన గోడమీంచి గ్లాసెత్తి చూపించి, "ఏంటమ్మా, నీ రంగు ఇంకా హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతోందా?" అనేవారు. నేను తలొంచుకుని ఆఫీసుకి పోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే మాస్టారి కేక విని వరండాలోకి పరుగెత్తాను. రాగిచెంబులో రంగు కనబడలేదుగాని, నీళ్ళు పోసేసరికి ఎండపొడలో స్ఫటికలింగం పచ్చగా ధగధగలాడిపోతోంది! "మరకతలింగమైపోయింది! స్వామి మహిమ!" అంటూ మాస్టారి భార్య (నేను పిన్నిగారనేదాన్ని) కళ్ళనీళ్ళతో తీర్థం దోసిట పట్టుకున్నారు. ఒక్క దూకు దూకి ఆవిడ చెయ్యి తోసేశాను.

"తాగకండి పిన్నిగారూ!"

"ఏమొచ్చిందే నీకు?"

"అది... శెట్టిగారి గోతిలోదండీ."

మాస్టారి చేతిలో గంట ఆగిపోయింది. అప్పుడే గోడమీంచి తొంగిచూసిన శెట్టిగారి నవ్వు సగంలో బిగుసుకుపోయింది. మామిడిమొక్కల కోసమని మాస్టారు ఆ వేసవిలోనే నూతికి మోటారు పెట్టించారు. అది తోడేకొద్దీ పక్కింటి కిందున్న నీరంతా ఇటే లాక్కొచ్చింది. (ఇదీ పుస్తకంలో ఉంది. నాకు శెట్టిగారి నుయ్యి తప్ప ఇంకోటి కనబడలేదంతే.) ఆ నీళ్ళే కొబ్బరినీళ్ళలా ఉన్నాయని రోజూ చెంబులకొద్దీ తాగుతున్నానని గుర్తొచ్చి పెరట్లోకి పరిగెత్తాను.

శెట్టిగారు ఎవరూ అడక్కుండానే ఆ గొయ్యి పూడ్పించి, మరుగుదొడ్డిని దూరంగా తోట చివరికి మార్పించారు. మేం తాగడానికి వీధికుళాయి నీళ్ళు మోసుకున్నాం. లింగం పచ్చబడిన రోజు సాయంత్రం మాత్రం ముఖం చెల్లక గడపలోనే నిలబడి, "స్వామికి అపచారం జరిగిపోయింది మాస్టారూ" అన్నాను. ఆయన లింగం వైపు చూసి, "గరళం మింగినవాడమ్మా, ఆయన తట్టుకుంటాడు. మన సంగతే చూసుకోవాలి" అన్నారు.

ఆ నీళ్ళు చెంబులకొద్దీ తాగి, గడపలో నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే, ఇప్పటికీ ముందు కడుపులో తిప్పుతుంది, ఆ తరవాతే నవ్వొస్తుంది.