హాకీ టీంలో ఎడమచేతివాడెవడు?

గ్రూపులో అందరూ బాగున్నారా? సుశీల గారూ, మోకాలి ఆపరేషన్ కుట్లు ఆరాయా? రహీమా, మీ ఆయన దగ్గు తగ్గిందా? డాక్టరుకు చూపించమన్నాను, చూపించారా లేదా? ఇక్కడ ఈ పరాయి దేశంలో, మా టార్నీట్‌లో గాలినిండా పుప్పొడి... ఇంట్లో అందరి ముక్కులూ కారుతున్నాయి. నా బీపీ సంగతి మామూలే. ఇదే ఊళ్లో ఆ చివర క్లైడ్ నార్త్‌లో ఉన్న మా కమలక్క ఆరోగ్యం మాత్రం నేను అడగను. ఆమెకేం, గుండ్రాయిలా ఉంటుంది. ఈ పోస్టు ఆమె కూడా చదువుతుంది. చదవనీ.

మా చిన్నప్పుడు... గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో సాయంత్రమైతే పిల్లలమంతా హాకీ గ్రౌండు పిట్టగోడ మీద చేరేవాళ్లం. ఆ గ్రౌండుకు సున్నం గీతలు గీసేది మా నాన్నే. రైల్వే టీంలో ఆడేవాళ్లకు పేరుకు టికెట్ కలెక్టరనో, గార్డనో ఉద్యోగం. అసలు పని హాకీయే.

వాళ్ల గురించి ప్రశ్నలు వేసుకోవడం మా ఆట. గోల్ కీపరుకు ముందుపళ్లు ఎన్ని లేవు? సెంటర్ ఫార్వర్డు మ్యాచికి ముందు ఏం నములుతాడు? (వేయించిన చింతగింజలు.) కర్రకు ఎర్ర పట్టీ చుట్టేది ఎవరు? చెప్పలేనివాళ్లు గోడ దిగాలి... నేను ఎప్పుడూ దిగలేదు. బళ్లో ఎక్కాలు రాకపోయినా ఇవన్నీ నోటికి వచ్చేవి. సున్నం బొక్కెన పట్టుకుని నాన్న వెంట తిరిగేదాన్ని కదా, అందరినీ దగ్గర నుంచి చూసేదాన్ని.

అక్కకు అది కడుపుమంట. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అందరికంటే ముందు గోడ దిగేది. ఒకరోజు కింద నిలబడి అడిగింది.

"మన టీంలో ఎడమచేతి వాటం ఎవురిదే?"

ఫ్రాన్సిస్ అన్నదే అని ఠక్కున చెప్పాను. ఆయన బ్యాక్ ఆడేవాడు. రిజిస్టరులో ఎడమ చేత్తో సంతకం పెడుతుంటే నా కళ్లతో చూశాను. అక్క పడీపడీ నవ్వింది. హాకీ కర్రకు చదును ఒక్కవైపే ఉంటుందట, ఎవరైనా ఒకే రకంగా పట్టుకోవాలట, ఎడమచేతి కర్ర అనేదే లేదట... నిజమే, అది నాకూ తెలుసు. కానీ ఆమె అడిగింది కర్ర గురించి కాదు, మనిషి గురించి. అంతలో అక్కే మళ్లీ అందుకుంది.

"ఆయప్ప మార్చుకుని కుడోళ్ల మాదిరి ఆడతాండాడు కదా. నీకేం రోగమే మార్చుకునేదానికి?"

అప్పటిదాకా నాది ఎడమచేతి వాటమని ఆ గోడ మీద ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాటతో అందరూ నా చేతినే చూశారు. నేనే గోడ దిగి వచ్చేశాను.

ఆ సాయంత్రమే అక్క తన జడ రిబ్బను విప్పి, నా ఎడమ చేతిని వెనక్కి మడిచి, లంగా బొందుకు కట్టేసింది. అమ్మ చూసి, మంచిదేలే, కుడి అలవాటవుతుంది అంది. ఇక రోజూ బడికి వెళ్లేముందు అదే పని... ముడి మీద ముడి. పలక మీద కుడి చేత్తో నేను రాస్తే కోడి కెలికినట్టు ఉండేది. అయ్యవారు కొట్టేవారు. ఐదో తరగతి తప్పాను, బడి మాన్పించారు. అక్క పది పాసయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఫారం నింపమంటే నాకు చెమటలు పడతాయి. ఆమె మాత్రం మా చెల్లెలికి చదువు అబ్బలేదని నలుగురిలో నవ్వుతూ చెబుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా మనవరాలు ఆద్యకు తొమ్మిదేళ్లు, బేస్‌బాల్ ఆడుతుంది. అచ్చంగా నా వాటం. నాలాగే ఆటగాళ్ల ముచ్చట్లన్నీ నోటికి వచ్చు. అది ఇంగ్లీషులో చెబితే మా అమ్మాయి నాకు తెలుగులో చెబుతుంది. ఎడమచేతి బ్యాటరు, బంతి కొట్టగానే పరుగెత్తాల్సిన మొదటి బేస్‌కు ఒకటి రెండు అడుగులు దగ్గరగా నిలబడతాడట, అది లాభమట. ఎడమ చేత్తో విసిరేవాళ్లను వెతికి మరీ తీసుకుంటారట. మంచు మీద ఆడే హాకీలో ఎడమకు వేరే కర్ర, కుడికి వేరే కర్ర ఉంటాయట. రెండు రకాల కర్రలు... అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

పోయిన నెల ఆద్య పుట్టినరోజుకు అక్క వచ్చింది. పిల్ల ఎడమ చేత్తో లడ్డు అందుకుందని, నవ్వుతూ నవ్వుతూనే, ఆ చేతిని చున్నీతో కుర్చీకి కట్టేసింది. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి అదే కట్టు... ముడి మీద ముడి. విప్పాను. ఒక్క మాట అనలేదు. ఆ తప్పు నాదే.

తర్వాతి మ్యాచిలో ఆద్య కుడిచేతి వాటంగా నిలబడి మూడుసార్లూ గాలినే కొట్టింది. ఇంటికొస్తుంటే కారులో మెల్లగా అడిగింది.

"అమ్మమ్మా, ఈజ్ మై లెఫ్ట్ హ్యాండ్ డర్టీ?"

ఆ మాట అర్థం కావడానికి నాకు ఎవరూ తెలుగు చెప్పనక్కర్లేదు. ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను. తమాషాకు కట్టానంది. మంచి చెప్పే హక్కు పెద్దవాళ్లకు లేదా అంది.

"నిన్నూ కట్టింటి కదా, సచ్చిపోయినావా?"

"సావలేదక్కా. ఐదో తరగతి కాడే నిల్చిపోయినా."

అక్క మాట మార్చింది. పిల్లను చూడటానికి ఎప్పుడు రమ్మంటావని అడిగింది. చెబుతానని పెట్టేశాను.

ఈ పోస్టంతా ఎడమ బొటనవేలితోనే కొట్టాను. ఆద్య పక్కనే కూర్చుని చూసింది. ఆ గోడ లేదు, రిబ్బన్లు లేవు, ఇప్పుడు కర్రలు కూడా రెండు రకాలు దొరుకుతున్నాయి... కట్టే చేతులు మాత్రం ఇంకా మారలేదు. మీలో ఎవరి చెయ్యి కట్టేశారో రాయండి. కట్టినవాళ్లుంటే మీరూ రాయండి, చదువుతాను.

కమలక్కా, ఇంటికి రావద్దు. వచ్చే నెల పద్నాలుగు, ఆదివారం, పొద్దున పదింటికి ఆద్య మ్యాచికి ట్రుగనీనా గ్రౌండుకు రా. టోపీ పెట్టుకో, నీకు ఎండ పడదు. షుగర్ మాత్ర మర్చిపోవద్దు. ఆద్య ఆ రోజు ఏ వాటంగా నిలబడుతుందోనని నాకు ఇప్పటినుంచే గుండె దడ. నువ్వు నా పక్కనే కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూడు.