దక్షిణం దిక్కు మన్ను

సత్యవ్వ రోజూ పొద్దుగూకే వేళ సరిత ఇంటి మీద మన్ను పోస్తుందని, అందుకే సరిత కొడుకు జ్వరం తగ్గడం లేదని, సత్యవ్వను పట్టుకుని కొట్టాలని కోరుట్లలో వాళ్ల వాడంతా అనుకుంటున్నారు. మన్ను పోయడం నిజమే. పగలంతా ఆమె చాట ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా బీడీలు చుడుతుంది. ఆకు మడిచే వేలిగోరు నల్లబడి ఉంటుంది. మస్కట్‌లో భర్తకు కంపెనీ జీతం ఇవ్వక, ఇల్లు ఆ బీడీలతోనే నడుస్తోంది. అతని ముఖం చూస్తూ మాట్లాడొచ్చని ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంది. మొదటి వారం ఉచితమే అయినా, అడిగితే కార్డు నంబరు కొట్టింది. వారం కాగానే యాప్‌ను తీసేసి, దానితో పని తీరిందనుకుంది. బీడీల పైసలు బ్యాంకులో పడ్డ రోజే ఆ యాప్ చందా కింద అన్నీ కట్ అయ్యాయి. ఫోన్ చేస్తే యాప్ కంపెనీలో ఒక అమ్మాయి ఎత్తింది.

"తీసేస్తే సరిపోదమ్మా, క్యాన్సిల్ చేయాలి. పోయినవి తిరిగి రావు."

"మిమ్ముల ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినంక గూడ నా నోటికాడి బువ్వ గుంజుకుంటరా? మీ సేటు పేరేంది బిడ్డా?"

"చెప్పకూడదమ్మా."

"ఊరన్న చెప్పు."

"బెంగళూరు."

"గది ఏ దిక్కున్నది?"

ఆ అమ్మాయి నవ్వి, "మీకు దక్షిణం," అంది.

ఆ సాయంత్రం నుంచి సత్యవ్వ కొంగు బిగించి, నడివీధిలో నిలబడి పిడికెడు మన్నెత్తుతుంది. "నా కష్టం తిన్నోడా, నీ ఇల్లు కూలిపోను, నీ నోట్ల మన్నువడ!" అని దక్షిణానికి విసురుతుంది. పేరు తెలియదు కాబట్టి పేరు పెట్టి తిట్టదు.

ఆమె నిలబడే చోటికి దక్షిణాన మొదటి ఇల్లు సరితది.