పటిక మంచిదే మామా

మా మేనమామ పోయాడన్న కార్డు గద్వాల నుంచి నాకు చేరేసరికి మూడో రోజు దాటిపోయింది. హైదరాబాదులో నేను చేసే ఆమ్లాల ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలబడి చదువుకున్నాను. ఆయనకు చెప్పవలసిన ఒక మాట రెండు నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక వినేవాడు లేడు.

ఆయన నూలుకు రంగు వేసేవాడు. మా వీధి మగ్గాలకు ఎర్ర నూలంతా ఆయన కాగులోంచే వచ్చేది. తండ్రి లేని నన్ను చదివించింది ఆయనే. ఆ చదువు ఆయనకు చేసిన మేలేమిటో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. పొగడటానికి నాకు మొహం లేదు.

మోచేతుల దాకా ఎర్రటి చేతులు. ఆ చేతులతో అన్నం కలుపుకుంటుంటే కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. రంగు నూలును పట్టుకోవాలంటే ముందు నూలు పటిక నీళ్ళలో నానాలి. అందుకని ఏ పటిక గడ్డనైనా నాలుకకు ఆనించి చూడందే తీసుకునేవాడు కాదు. నువ్వు నాకి చూసేదానికే సగం అరిగిపోతుందని దుకాణదారు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. మంచి పటిక ముందు వగరుగా, ఆ వెనక తీయగా తగలాలని నాకూ చిన్నప్పుడే నేర్పాడు.

నూలును ఎప్పుడూ చల్లటి రంగునీళ్ళలోనే వేసేవాడు. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి గాని మరగనిచ్చేవాడు కాదు. చివర్లో ఒక పోగు పురి విప్పి, గోటితో చీల్చి, దారం కడుపులో ఎరుపు చేరిందో లేదో చూసేవాడు. నేను పుల్లలు ఎగదోస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

“నిమ్మళంగ పోనియ్యిరా. తొందరపెడితే రంగు గడపకాడ్నే కూసుంటది. లోపలింట్లకు పోదు.”

యుద్ధం వచ్చి, విదేశాల నుంచి వచ్చే సీమరంగు డబ్బాలు కరువైన రోజులవి. ఆయన దగ్గర ఒక్క డబ్బా మిగిలింది. కాలేజీ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చాను నేను. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుందని కొత్తగా చదువుకుని ఉన్నాను. ఇంక ఆగుతానా? మరిగే రంగులోనే నూలు ముంచుదాం, కట్టెలూ కలిసొస్తాయి, పొద్దూ కలిసొస్తుంది అన్నాను. చదువుకున్నోనివి, నీకే ఎరుక అని మొదటిసారి తన పద్ధతి పక్కన పెట్టాడు. నేను నొచ్చుకుంటానని ఆ రోజు పోగు విప్పి కూడా చూడలేదు. నూలు మోదుగుపువ్వులా వచ్చింది. నేను వీధంతా చెప్పుకున్నాను.

దసరా సెలవులకు వచ్చేసరికి చీరలు వెనక్కి వస్తున్నాయి. కుచ్చిళ్ళు ఒరుసుకున్న చోటల్లా తెల్లగా తేలింది. పురి విప్పితే ప్రతి దారం నడుమా తెలుపే.

“ఎందుకైందిరా గిట్ల?” అని అడిగాడు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

“పటిక మంచిది కాదు మామా” అన్నాను.

నలభై ఏళ్ళు నమ్మిన నాలుక తప్పిందనుకున్నాడు. తర్వాత డబ్బాలు దొరికినా కాగు పొయ్యి మీదికి ఎక్కలేదు. రంగుమనిషి పొరుగిళ్ళలో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతికాడు. నేను చేసిన పని అది.

కారణం నాకు ఈ మధ్యనే ఫ్యాక్టరీలో దొరికింది. అక్కడ ఉత్ప్రేరకం అనే మందును గోళీలు చేసి, గొట్టంలో పోసి, వాటి మీదుగా వాయువును పంపుతాం. ఆ మందు తగిలితేనే చర్య వేగంగా జరుగుతుంది. ఎంత వేడి పెంచినా అనుకున్నంత పని జరగడం లేదు. అవే గోళీలను చిన్న చిన్న ముక్కలు చేసి పోస్తే, అంతే బరువుకు పని ఎంతో పెరిగింది. వాయువు గోళీ పైపొరలోనే ఖర్చయిపోతోంది. లోపలి మందుకు చేరేది లేదు, అది ఊరికే కూర్చుంది. వేడి పెంచినకొద్దీ పైపొర ఇంకా తొందరపడుతుంది, లోపలికి చేరేది ఇంకా తగ్గుతుంది. మామ చెప్పిన గడప ఇదే. బడి మొహం చూడని మనిషి పొయ్యి ముందు కూర్చుని చెప్పిన మాట నా చదువుకు అందడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ సాయంత్రం గోళీల బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

తప్పు పటికది కాదు, నాది అని ఒక కార్డు ముక్క రాసినా సరిపోయేది. ఉగాదికి వెళ్ళి ఎదురుగా కాళ్ళు పట్టుకుని చెబుదామనుకున్నాను. అదీ నా గొప్ప కోసమే.

చావు కార్డు అందుకుని వెళ్ళేసరికి కాగు బోర్లించి ఉంది.  మా అత్త గూట్లోంచి ఒక పటిక గడ్డ తీసి నా చేతిలో పెట్టింది.

“నువ్వు రంగేయించిన పొద్దు మిగిలిన గడ్డ ఇదే. పొద్దుగాల లేస్తే నాకి చూస్తుండె. ఏం తప్పు తెలుస్తలేదే, వాడొస్తే అడగాలె అంటుండె.”

గడ్డకు ఒక పక్క బొటనవేలు పట్టేంత గుంట పడి, నున్నగా అరిగి ఉంది. ఆ గుంటలోనే నాలుక ఆనించాను. ముందు వగరు, దాని వెనకే సన్నటి తీపి.