సక్కుబాయి నీలం అంబాసిడర్

శంషాబాద్ బస్టాండు వెనక సందులో సక్కుబాయికి బట్టలు కుట్టే దుకాణం ఉండేది. విమానాశ్రయం తెరిచిన ఏడాది నుంచి అక్కడ ఊడ్చేవాళ్ళకీ, సామాన్ల బండ్లు తోసేవాళ్ళకీ యూనిఫారాలు కుట్టే పని ఆమెకి దొరికింది. కుట్టడం ఆమెకి కష్టం కాదు. కుట్టిన మూటలు తీసుకెళ్ళి అప్పగించడమే కష్టం. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. చంకలో కర్రతో రోడ్డు పక్కన నిలబడితే, మూటల్నీ కర్రనీ చూసి ఆటోవాళ్ళు చాలామంది ఆపకుండా పోయేవారు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో మాత్రం ఒక కారు ఉంది. 1972 నాటి అంబాసిడర్. ఆమె తండ్రి సత్తయ్య, భీమశంకరరావు అనే ఇంజినీరు దగ్గర ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశాడు. ఇంజినీరుగారు కొత్త కారు కొనుక్కున్నాక పాతదాన్ని సత్తయ్యకే ఇచ్చి, కాగితాలు కూడా అతని పేరు మీదికి మార్పించాడు. 2009 వానాకాలంలో సత్తయ్య చనిపోయాడు. కారు షెడ్డులోనే ఉండిపోయింది.

"అమ్మేద్దాం బిడ్డా. నడిపెటోడు లేనప్పుడు ఎందుకిది?" అంది తల్లి అనంతమ్మ.

"నేను నడుపుత."

"నువ్వా? ఏ కాలుతోని?"

అనంతమ్మ ఎగతాళికి అనలేదు, నోటికి వచ్చింది అనేసింది. సక్కుబాయి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున బస్సెక్కి ఆరాంఘర్‌లో దిగింది. అక్కడ మల్లేశ్వర్ మెకానిక్ షెడ్డు ఉంది. సత్తయ్య బతికున్నన్నాళ్ళూ ఆ కారుని అతనికి తప్ప ఇంకెవరికీ చూపించలేదు.

మల్లేశ్వర్ వాళ్ళింటికి వచ్చి ఆమెని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. చెయ్యి ఎంతవరకు అందుతుందో, ఎక్కడ బలం ఉందో చూసి సుద్దముక్కతో గీతలు గీశాడు.

"ఎడమ కాలు సక్కగ పనిచేస్తదా?"

"పొద్దుందాక మిషను తొక్కేది దాంతోనే గదన్నా."

"అయితే క్లచ్చు దానికే. బ్రేకు, ఎక్సలేటరు చేతికి ఇస్త."

నాలుగు నెలలు పట్టింది. స్టీరింగ్ కింద కుడివైపు ఒక ఇనుప కడ్డీ అమర్చాడు. ముందుకి నెడితే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. గేరు మొదటినుంచీ స్టీరింగ్ పక్కనే ఉంది కాబట్టి ఎడమ చేతికి ఇబ్బంది లేదు. ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగుకి ఒక పిడి బిగించాడు. పాత బ్రేకుని చేత్తో నొక్కడం కష్టమని, తుక్కుకి పోయిన జీపు నుంచి బ్రేకుకి బలమిచ్చే ఒక భాగం తెచ్చి కలిపాడు. కడ్డీ కదలడానికి చోటు కావాలంటే డాష్‌బోర్డు కింది అంచు కోయాలి. అక్కడ మాత్రం రంపం పట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, ఇది కోస్తే మళ్ళ ఎప్పటిలెక్క కాదు. మీ బాపు దీన్ని దినాం తుడ్చేటోడు."

"కొయ్యన్నా."

పొడవాటి ముందు సీటు తీసేసి, ఆమె ఎక్కి దిగడానికి పక్కకి తిరిగే ఒంటి సీటు వేశాడు. ఎడమవైపు ఇంకొకటి. అన్నీ అయ్యాక సక్కుబాయి నెమలి మెడలాంటి నీలం రంగు వేయమంది.

"రంగెందుకు? బూడిద రంగు మంచిగనే ఉంది గద?"

"చూసి చూసి యాష్టకొచ్చింది. నాకు నీలం ఇష్టం."

లైసెన్సు పరీక్షలో మొదటిసారి వెనక్కి తీస్తూ కారుని స్తంభానికి తాకించింది. రెండోసారి నెగ్గింది. 2010 చివరికల్లా వెనక సీటు నిండా మూటలు వేసుకుని, తనే విమానాశ్రయం రోడ్డు మీద పోవడం మొదలుపెట్టింది. మొదటి రోజు అనంతమ్మ పక్కన కూర్చుని దారంతా తలుపు పట్టుకునే ఉంది.

మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు దుకాణం ముందు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. భీమశంకరరావు కొడుకు భార్గవ్. హైదరాబాదులో వ్యాపారం చేస్తాడు. పాత కార్లున్నవాళ్ళ సంఘానికి కార్యదర్శి. పెట్రోలు బంకులో నంబరు గుర్తుపట్టి వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడ ఆపి ఉన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కోసిన డాష్‌బోర్డు మీద వేలు పెట్టి చూశాడు.

"నేను ఈ కారులోనే స్కూలుకి వెళ్ళానండీ. దీన్నిలా పాడుచేయడానికి మీకు మనసెలా ఒప్పింది?"

"పాడేమైంది సార్? మంచిగ నడుస్తున్నది."

"నడవడం ఒక్కటేనా? అసలు సీటు లేదు, అసలు రంగు లేదు. నాకు ఇచ్చేయండి. పాత భాగాలన్నీ వెతికి దీన్ని మళ్ళీ ఎప్పటిలా చేయిస్తాను. బదులుగా మీకు కొత్త కారు కొనిస్తాను. గేర్లు వేసే పని కూడా ఉండదు, మీకే సుఖం."

అది చిన్న మాట కాదు. లోపల మిషన్ల మీదున్న ఆడవాళ్ళు కుట్టడం ఆపేసి విన్నారు. సక్కుబాయి కూడా ఒక నిమిషం ఆలోచించింది. తరువాత తల అడ్డంగా ఊపింది.

"మీరు స్కూలుకు పోయినప్పుడు దీన్ని నడిపింది మా బాపు. ఇప్పుడు నేను నడుపుతున్న. మీరు అసలుది అనేదాంట్ల నేను కూసోనీకె జాగ లేదు సార్. గట్లాంటి కారు చేసి ఏం జేస్తరు?"

"దాచుకుంటాను."

"నేను దాచిపెట్టను. నడుపుత."

ఆ ఫిబ్రవరిలో సంఘంవాళ్ళు శంషాబాద్‌లో ఒక మైదానం అద్దెకి తీసుకుని పాత కార్ల ప్రదర్శన పెట్టారు. మధ్యాహ్నం కార్లన్నీ వరుసగా షాద్‌నగర్ దాకా వెళ్ళాలి. సక్కుబాయి ముందే పేరు రాయించింది. ఆ పొద్దున కారు కడిగి తీసుకెళ్ళింది. భార్గవ్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"మార్పులు చేసిన కార్లు వరుసలో వెళ్ళడానికి వీల్లేదండీ, అది మా నియమం. అయితే మీ గురించి మేమంతా మాట్లాడుకున్నాం. వేదిక మీద మీకు శాలువా కప్పి సన్మానం చేస్తాం."

"సన్మానం ఎందుకు?"

"మీ పట్టుదలకి. ఇంత కష్టంలో కూడా..."

"నాకేం కష్టమున్నదని మీకు చెప్పిన సార్? నేను కారు తెచ్చిన. చూస్తే కారును చూడుర్రి, నా కాలును కాదు."

ఆమె గొంతు పెరిగింది. చుట్టూ జనం చేరారు. భార్గవ్ ముఖం ఎర్రబడింది. సక్కుబాయి కారు వెనక్కి తీసి, గేటు బయట రోడ్డు వారగా నిలిపి, లోపలే కూర్చుని తెచ్చుకున్న సద్ది తింది.

మూడు గంటలకి కార్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. చివరి కారు దాటాక ఆమె కూడా స్టార్ట్ చేసింది. జెండా పట్టుకున్న వ్యక్తి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మేడం, మీరు వరుసలో లేరు!"

"వరుస మీది. రోడ్డు అందరిది. జర పక్కకు జరుగు."

అప్పుడే షామియానా కింద నుంచి ఒక ముసలాయన చేతికర్రతో నెమ్మదిగా నడిచి వచ్చాడు. భీమశంకరరావు. ఎనభై దాటాయి. కొడుకు వెనకాలే వచ్చాడు.

"నాన్నగారూ, మీకోసం మన కారు ఆపాను, అటు రండి."

"మన సత్తయ్య కూతురు కదూ ఈ అమ్మాయి? నేను ఇందులో వెళతాను" అని ఆయన ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కాడు. జెండా అతను పక్కకి తప్పుకున్నాడు.

కార్ల వెనకాలే పాల్మాకుల ఊరు దాటారు. ఆయన ఆమె చేతుల్నే చూస్తున్నాడు. ఒక లారీ హఠాత్తుగా అడ్డం వస్తే ఆమె కడ్డీ నెట్టింది. కారు గట్టిగా ఆగింది.

"బ్రేకు నా రోజుల్లోకన్నా బాగుందమ్మా."

"మల్లేశన్న చేసిండు సార్."

"మావాడిది రంగు గురించి మా ఇంట్లో ఒకటే గొడవ. నేను కొన్నప్పుడు ఇది తెల్లది. దుమ్ము కనబడుతోందని రెండేళ్ళకి మీ నాన్నే బూడిద రంగు వేయించాడు. వాడికి అప్పుడు మూడేళ్ళు, ఏం గుర్తుంటుంది!"

సక్కుబాయికి నవ్వొచ్చింది. ఇది భార్గవ్‌కి చెప్పమంటావా అని ఆయన అడిగితే, వద్దంది.

"తెల్లగుండెనో బూడిదగుండెనో, నాకు దాంతోటి పనిలేదు సార్. నేను నీలం కావాలనుకున్న, ఏసిన. గంతే."

షాద్‌నగర్‌లో కార్లన్నీ ఆగాయి. ఫొటోలు తీసేవాళ్ళు మెరిసే కార్ల దగ్గర గుమిగూడారు. నీలం అంబాసిడర్ దగ్గరికి ఒక్కడే వచ్చాడు. రావిర్యాల మనిషి, పాండు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి కుడికాలు పోయింది. కిటికీలోంచి కడ్డీని చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇది ఎవలు చేసిన్రు?"

సక్కుబాయి దిగి, అతన్ని తన సీట్లో కూర్చోబెట్టింది. ఎలా నెట్టాలో, ఎలా లాగాలో అరగంట చూపించింది. మల్లేశ్వర్ నంబరు రాసిచ్చింది. భార్గవ్ దూరం నుంచి చూశాడు కాని దగ్గరికి రాలేదు. తండ్రి దిగి వచ్చాక ఆయన్ని తన కారులో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వారం తరువాత సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఇకముందు అనుమతి లేనివారు తమ కార్ల వెంట రాకూడదని. ఆమె దాని వెనకవైపు ఎవరివో చొక్కా కొలతలు రాసుకుంది.

అదే ఏడాది, 2014లో, అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. పాత కార్ల కోసం వెతికేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆమె నంబరు ఎలా దొరికిందో ఏమో, ఒకాయన ఫోను చేశాడు.

"మీది ఒరిజినలేనా అండీ?"

"కాదు."

"అయ్యో!"

"అయ్యో ఏంది? మీకు కావాల్సిన కారు నా తాన లేదు, ఉన్నా అమ్మను" అని ఫోను పెట్టేసింది. మూటలు వెనక సీట్లో వేయించుకుని, విమానాశ్రయం వైపు బయలుదేరింది.