ఆగండే, చెప్పుద్ది

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుందామని అరుగు మీద కూర్చున్న మనిషి అట్టాగే గోడకి ఒరిగిపోయింది. ఊళ్లో అందరినీ ‘ఆగండే’ అని నిలబెట్టిన ఆవిడ, తను మాత్రం చిలకలూరిపేట నుంచి డాక్టరొచ్చేదాకా కూడా ఆగలేదు.

ఉన్నమాట రాస్తాను. ఆవిడతో వేగడం మహా కష్టం.

మా అక్క ఇక్కడి ప్రైవేటు స్కూల్లో టీచరు. కూతురు బుజ్జితో మా ఇంట్లోనే ఉంటోంది. బుజ్జికి ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాలేదు. “మా వంశంలో మూగవాళ్లు లేరమ్మా” అని అక్క అత్తగారు ఫోన్లో అన్నప్పటి నుంచీ అక్కకి కంటిమీద కునుకు లేదు. ఆ భయంతో పిల్లని కూర్చోబెట్టి “ఆపిల్ అను, బాల్ అను, అమ్మ అను” అని ప్రాణం తీసేది. తను అలిసిపోయాక ఫోను చేతికిచ్చేది.

పెద్దమ్మ వచ్చిందంటే ముందా ఫోను లాక్కుని బొడ్లో దోపుకునేది. పిల్ల ఎదురుగా బాసింపట్లు వేసుకుని, “ఏందమ్మా, ఆ కాకి ఏమంటంది?” అని అడిగేది. అడిగి ఊరుకోవచ్చుగా! కనుబొమలు పైకెత్తి, పిల్ల మొహంలోకి చూస్తూ జవాబు కోసం కూర్చునేది. మేం నోరు తెరిస్తే అరచెయ్యి అడ్డం పెట్టేది. “ఆగండే, చెప్పుద్ది.”

“మాటలే రావు పెద్దమ్మా, ఏం చెప్పుద్ది?”

“మీరు సందిస్తేగా! పొద్దస్తమానం పంపుసెట్టుల్లా మోగుతుంటిరి.”

నేను గుంటూరు నుంచి అట్ట పేజీల బొమ్మల పుస్తకం తెచ్చాను. బుజ్జి దాన్ని నోట్లో పెట్టుకుంది. లాక్కోబోతే పెద్దమ్మ నా చెయ్యి మీద కొట్టింది. “రుచి చూడనియ్. తర్వాత చదువుద్ది.” పిల్ల పిల్లిబొమ్మ దగ్గర ఆగితే ఇక ఆ పిల్లితోనే పొద్దుగూకేది. పోనీ ఈవిడ అందులో ఉన్నది చదువుద్దా? ఒక్క ముక్క చదవదు. ఆ పిల్లి మన కళ్లంలో ఎండుమిరపకాయ కొరికి “హా... హా...” అని పరిగెత్తిందంట!

“రాసింది చదవచ్చుగా పెద్దమ్మా?”

“రాసింది యాడికి పోద్ది? దీని మొహం చూడవే, నవ్వుతంది.”

చెవులు పరీక్ష చేయిద్దామని పోట్లాడి నేనే గుంటూరు ప్రయాణం కట్టించాను. పెద్దమ్మ తనూ వస్తానంది. బస్సొచ్చి ఆగింది. బుజ్జి దానివైపు వేలు చూపించి “ఊ” అంది. అంతే, ఈవిడ రోడ్డు పక్కనే చతికిలబడింది. “బస్సు! ఎర్రబస్సు! యాడికి పోద్దమ్మా?” ఎక్కుతారా లేదా అని కండక్టరు కేకలేశాడు. “ఆగవయ్యా, చెప్పుద్ది.” ఆయన ఆగలేదు. ఇంకో బస్సొచ్చేదాకా ఎండలో మాడుతూ నేనావిడతో మాట్లాడలేదు.

చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. ఫోను మానేసి, ఎదురుగా కూర్చుని మాట్లాడమన్నాడు. అయినా మాటలు రాకపోతే మళ్లీ తీసుకురమ్మన్నాడు. తిరుగు బస్సులో పెద్దమ్మ గొప్పలు విని విని, నా చెవులు కూడా చూపించుకుని ఉండాల్సింది అనిపించింది.

ఆ తర్వాత ఒకరోజు అక్క స్కూలు టైమైపోతోందని బుజ్జికి గబగబా ముద్దలు కుక్కుతోంది. పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టి స్పష్టంగా అంది: “ఆగు.”

అక్క కంచం కింద పెట్టేసి ఏడ్చింది, నవ్వింది, ఆనక ప్రహరీ దగ్గరికెళ్లి తిట్టింది. “మోసి కన్నది నేను! మొదటి మాట అమ్మ కాదు, నీ మాటా?”

గోడవతల నుంచి తాపీగా వినపడింది. “ఆగవే, అదీ చెప్పుద్ది.”

చెప్పింది కూడా. ఒప్పుకోవాలంటే నాకిప్పటికీ ఒళ్లు మంటే.

ఇప్పుడు బుజ్జికి రెండేళ్లు దాటాయి, వసపిట్టలా వాగుతోంది. సోమవారం చర్చివాళ్లు పాట అందుకుని, పెద్దమ్మని పడుకోబెట్టిన పెట్టె మూత వెయ్యబోయారు. బుజ్జి అక్క చంకలోంచి జారి, పెట్టె అంచు పట్టుకుంది.

“అమ్మమ్మా, కాకి ఏమంది?”

అక్క వెనక్కి లాగబోయింది. బుజ్జి చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు.”

మూత పట్టుకున్నవాళ్లు ఆగారు. పాట ఆగింది. బుజ్జి కనుబొమలు పైకెత్తి, పెద్దమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది. మేమెవరం నోరు తెరవలేదు.